బొమ్మ చూడొచ్చు, దాచుకోలేం

చూపుడు వేలంత ఉండేది. ఒక కొసన యూఎస్‌బీ పిన్ను, మరో కొసన కేబుల్ వైరు దూర్చే రంధ్రం. పెట్టె విప్పితే దాంతోపాటు ఓ బుల్లి రిమోటు, లాగితే మూరెడు సాగే ఏరియల్, డ్రైవర్ల సీడీ కనిపించేవి. 2005-06 నాటికి ఢిల్లీ నెహ్రూ ప్లేస్ దుకాణాల్లో టీవీ ట్యూనర్‌కు మంచి గిరాకీ ఉండేది. పినకిల్, అవర్‌మీడియా లాంటి పేర్లు దుకాణదారుల నోళ్లలో నానుతుండేవి. చేతిలో ల్యాప్‌టాప్ ఉన్నవాడికి ఇంకో టీవీ కొనడం కంటే ఇదే చవక. పైగా మంచం, కుర్చీ పడితే మనిషి నిలబడే చోటు మిగలని బర్సాతీల్లో, పేయింగ్ గెస్ట్ గదుల్లో టీవీ పెట్టడానికి జాగా ఎక్కడిది?

చూడడం మొదట్లో ఓ ముచ్చట. అసలు పని రికార్డింగ్. గుర్గావ్, నోయిడాల్లో అమెరికా వేళలకు పనిచేసే కుర్రాళ్లు సాయంత్రం క్యాబ్ ఎక్కితే గదికి చేరేది తెల్లవారుజామునే. తెలుగువారికి రాత్రి 9 గంటల ఈటీవీ వార్తలు దక్కే వీలే లేదు. కాలనీ కేబుల్‌లో తెలుగు ఛానల్ రావడమే ఆపరేటర్ దయ. అది కాస్తా వస్తుంటే ల్యాప్‌టాప్‌కు వేళ చెప్పి వెళ్లిపోవచ్చు. తిరిగొచ్చి టీ కలుపుకుని వార్తలు చూడొచ్చు, ప్రకటనలను దాటేయొచ్చు. ప్రసారమయ్యే వేళకే టీవీ ముందు కూర్చోవాలన్న నియమాన్ని అంతకుముందు వీసీఆర్ కొంత సడలించింది. ట్యూనర్‌కు క్యాసెట్ కూడా అక్కర్లేకపోయింది.

ఇంతా చేసి దాన్ని పలికించడం ఓ తంతు. సాఫ్ట్‌వేర్ ముందుగా దేశం ఏదని అడిగేది. అమెరికా అని నొక్కితే బొమ్మ చెదిరేది. బ్రిటన్ అని నొక్కితే బొమ్మ వచ్చేది కానీ మాట వచ్చేది కాదు. రెండు చోట్లా పాల్ పద్ధతే అయినా శబ్దం ప్రయాణించే తరంగం మన దగ్గర బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ దూరంలో, అక్కడ 6 మెగాహెర్ట్జ్ దూరంలో ఉండటమే కారణం. కేబుల్ లేకుండా ఏరియల్‌ను కిటికీకి ఆనిస్తే దక్కేది దూరదర్శన్ ఒక్కటే. నేషనల్‌తో పాటు, 2003 నవంబర్‌లో మెట్రో ఛానల్ స్థానంలోకి వచ్చిన డీడీ న్యూస్.

డిస్క్ బాధ వేరు. మంచి నాణ్యతతో గంటసేపు రికార్డు చేస్తే రెండున్నర గిగాబైట్ల దాకా తినేసేది. అప్పటి ల్యాప్‌టాప్ మొత్తం డిస్కే 40, 60 గిగాబైట్లు. మూడు గంటల సినిమా పట్టుకుంటే మామూలు డీవీడీలో పట్టేది కాదు. మూత మూస్తే యంత్రం నిద్రపోయేది, దాంతో రికార్డింగూ పోయేది. ఇక ఎన్సీఆర్ కరెంటు కోతలు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉందని సంబరపడితే, వీధి చివర కేబుల్ యాంప్లిఫయర్‌కు కరెంటు ఉండేది కాదు. రెండు గంటల ఫైలు తెరిస్తే అందులో గంటన్నర చీమలే.

ఇన్ని తిప్పలున్నా ఆ రోజుల్లో ఇంటికొచ్చే వైరులో దాపరికం లేదు. ఎనలాగ్ కేబుల్‌లో ఛానళ్లన్నీ బాహాటంగా వచ్చేవి. వైరు ఎవరి చేతిలో ఉంటే వారిదే బొమ్మ, వారిదే నకలు. చట్టం కూడా అడ్డు చెప్పలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి చేసుకునే రికార్డింగ్ ప్రసార సంస్థ హక్కుకు భంగం కాదు. ఇదే రగడ అమెరికాలో బీటామ్యాక్స్ వీసీఆర్ మీద జరిగింది. తర్వాత చూసుకునేందుకు ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1984లో తేల్చింది. అదీ ఒక్క ఓటు తేడాతో, 5-4తో.

ఈ దాపరికం లేకపోవడమే ఛానళ్లకు కంటగింపైంది. ఆపరేటర్ వెయ్యి ఇళ్లకు వైరు లాగి రెండొందలే చూపిస్తున్నాడన్నది వారి గోడు. పన్ను రావడం లేదన్నది సర్కారు గోడు. రెండింట్లోనూ నిజముంది. ముందు కాస్ పేరిట 2006 డిసెంబర్ 31 నుంచి దక్షిణ ఢిల్లీ లాంటి ప్రాంతాల్లో పే ఛానళ్లకు సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయింది. తర్వాత చట్టం మార్చి 2012 అక్టోబర్ 31ని మొత్తం ఢిల్లీకి గడువుగా పెట్టారు. ఫరీదాబాద్, ఘాజియాబాద్‌లతో పాటు హైదరాబాద్, విశాఖపట్నం కూడా 2013 మార్చి 31 జాబితాలోకి చేరాయి. సంకేతాలు డిజిటల్ అయ్యాయి, ఆపై తాళం కూడా పడింది. కొత్త వైరును ట్యూనర్‌కు తగిలిస్తే మిగిలింది నీలం తెర.

పసుపు పిన్ను తగిలించే ఏవీ రంధ్రం మాత్రం కొన్నాళ్లు ఆదుకుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి బొమ్మను ఆ దారిన ల్యాప్‌టాప్‌కు మళ్లించవచ్చు. అయితే ఛానల్ మార్చాల్సింది బాక్స్ రిమోటుతో, మనిషి చేత్తో. వేళ చెప్పి ఆఫీసుకు వెళ్లే సౌకర్యం అక్కడితో సరి. హెచ్‌డీ బాక్సుల్లో హెచ్‌డీఎంఐ వైరుకే తాళం వేశారు. టీవీకి బొమ్మ వెళ్తుంది, రికార్డు చేసే యంత్రానికి వెళ్లదు. 2012లోనే కాపీరైట్ చట్టానికి 65ఎ సెక్షన్ కూడా చేరింది. హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి తాళాలు పగలగొడితే రెండేళ్ల దాకా జైలు. సొంతానికి దాచుకునే హక్కు కాగితం మీద చెక్కు చెదరలేదు. దాన్ని వాడుకునే దారే మూసుకుపోయింది, అదీ ఏ చర్చా లేకుండా.

రికార్డు చేసే సెట్‌టాప్ బాక్సులు రాలేదా అంటే వచ్చాయి. టాటా స్కై 2008లోనే అలాంటి బాక్సు తెచ్చింది. వాడకం హాయి. కానీ రికార్డయింది ఆ పెట్టెలోనే ఉండాలి. ట్యూనర్ రోజుల్లో ఫైలును సీడీలోకి ఎక్కించి గుంటూరులో అమ్మానాన్నలకు పంపినట్టు పంపలేరు.

సీరియల్ ఎపిసోడ్ దాచుకోకపోతే కొంప మునగదన్నది నిజమే. వార్తల సంగతి వేరు. ప్రసారం చేసిన కార్యక్రమాల రికార్డును ఛానళ్లు 90 రోజులు భద్రపరచాలన్నది ప్రభుత్వ అనుమతుల్లోని షరతు. ఛానళ్లపై నిఘాకు సమాచార శాఖ 2008 నుంచి ఢిల్లీ సూచనా భవన్‌లో ఓ పర్యవేక్షణ కేంద్రాన్నీ నడిపింది. వీక్షకుడి చేతిలో మాత్రం ఏమీ ఉండదు. 2007 ఆగస్టు 30న లైవ్ ఇండియా ఛానల్ ఓ ఢిల్లీ టీచరమ్మపై తప్పుడు స్టింగ్ ప్రసారం చేస్తే జనం బడి మీద పడ్డారు. ఆమె ఉద్యోగం పోయింది, అరెస్టయ్యారు. తీరా ఆ స్టింగ్ కల్పితమని తేలి ఛానల్‌పై నెల రోజుల నిషేధం పడింది. తెర మీద ఏం చూపారో, ఏమన్నారో తేల్చాల్సి వచ్చినప్పుడు సాక్ష్యం నిందితుడి అల్మరాలోనే ఉంటే ఎలా?

ట్యూనర్ ఉన్నా చేయగలిగిందేమీ లేని రోజు కూడా ఒకటుంది. 2014 ఫిబ్రవరి 18. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లుపై లోక్‌సభ నిర్ణయం తీసుకుంటున్న వేళ లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు అధికారులు. కావాలనే ఆపారన్నారు విపక్షాల వారు. బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. తెలుగువారు రెండు రాష్ట్రాలైన ఆ ఘడియను, సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ ఎవరూ తమ టీవీల్లో చూడలేదు. అచ్చులో సభా చర్చలున్నాయి. ఇళ్లలో దాచుకున్న బొమ్మ లేదు, ఉండే వీలూ లేదు.

ప్రసార సంస్థలే అన్నీ భద్రపరుస్తాయనుకుంటే పొరపాటు. తొలినాళ్ల టేపుల మీదే మళ్లీ రికార్డు చేసి దూరదర్శన్ ఎన్నో కార్యక్రమాలను పోగొట్టుకుంది. బీబీసీ కూడా అంతే. అది చెరిపేసిన డాక్టర్ హూ ఎపిసోడ్ల శబ్దమైనా ఇవాళ మిగిలిందంటే, 1960ల్లో టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి కూర్చున్న అభిమానుల పుణ్యమే. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన మారియన్ స్టోక్స్ అనే మహిళ ఇంకా ముందుకెళ్లారు. 1970ల చివరి నుంచి 2012లో కన్నుమూసేదాకా ఇంట్లో వీసీఆర్లను రేయింబవళ్లు తిప్పి వార్తా ఛానళ్లను పట్టారు. పోగుపడిన క్యాసెట్లు సుమారు 70 వేలు. బతికుండగా చాదస్తమనిపించిన ఆ నిధి ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరింది.

అన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి కదా అనేది ఇప్పటి మాట. ఉంటాయి, ఛానల్ ఉంచినంత కాలం. ఇబ్బంది పెట్టే క్లిప్పును తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. 2023లో నోయిడా, కర్తవ్య పథ్‌లలో పరీక్షించిన డైరెక్ట్ టు మొబైల్ పద్ధతిలో ఇంటర్నెట్ లేకుండానే ఫోన్‌కు టీవీ వస్తుందంటున్నారు. అంటే ట్యూనర్ మళ్లీ జేబులోకి రాబోతోందన్నమాట. అందులో రికార్డు బటన్ ఉంటుందా అని అడగాల్సింది ఇప్పుడే.

పాత ట్యూనర్లు మాత్రం ఇంకా కొన్ని అల్మరాల్లో ఉన్నాయి. కొత్త విండోస్‌లో చాలావాటికి డ్రైవర్లు దొరకవు. లైనక్స్ మాత్రం వాటిలో కొన్నింటిని ఇప్పటికీ గుర్తుపడుతుంది. లేదంటే మూలన పడ్డ ఎక్స్‌పీ ల్యాప్‌టాప్‌ను దుమ్ము దులపాలి. వీసీఆర్ల తయారీలో చివరిదాకా నిలిచిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016లో చేతులెత్తేసింది. అందుకని పనిచేసే వీసీఆర్ ఒకటి సంపాదిస్తే, 1990ల నాటి పెళ్లి క్యాసెట్లను ఆ పసుపు పిన్ను దారినే ఫైళ్లలోకి మార్చుకోవచ్చు. మూడు గంటల పెళ్లికి పట్టేదీ మూడు గంటలే. ఈలోగా మూత మాత్రం మూయకూడదు.