బొమ్మ పిస్తోలుకి రాగి రంగు

అక్టోబరు వచ్చిందంటే మన ఇళ్ళల్లో హాలోవీన్ హడావుడే. డ్రెస్సు ఎలాగో కుదిరిపోతుంది. చిక్కంతా చేతిలో పట్టుకునే వస్తువుతోనే. అంతరిక్ష వీరుడి చేతిలో పసుపు, నీలం రంగుల నెర్ఫ్ బొమ్మ ఏం బాగుంటుంది? ఈసారి దాని వేషం మారుద్దాం. ఒక్క వారాంతం చాలు.

పిల్లలూ, అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకోండి. స్క్రూలు విప్పడం వాళ్ళ పని. లోపలి స్ప్రింగు ఎగిరి కంటికి తగలవచ్చు. మూత తెరవగానే ఒక ఫోటో తీస్తే, ఏ ముక్క ఎక్కడిదో మళ్ళీ వెతుక్కోనక్కరలేదు. స్క్రూలు కోడిగుడ్ల ట్రేలో వేయండి.

ముక్కల్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వండి. నున్నటి ప్లాస్టిక్కుకి రంగు పట్టదు కనుక 220 నంబరు, తర్వాత 400 నంబరు శాండ్ పేపరుతో రుద్దండి. ప్లాస్టిక్కుకి పనికొచ్చే ప్రైమరు పల్చగా రెండు మూడు పూతలు పెద్దవాళ్ళు స్ప్రే చేయాలి. అదీ పెరట్లో, మాస్కు పెట్టుకుని. వాటర్ హీటర్ మంట ఉండే గరాజ్‌లో వద్దు. ఒకదానిమీద ఒకటి జారే భాగాలకి రంగు వేస్తే అతుక్కుపోతాయి, వాటిని వదిలేయండి.

ముదురు గోధుమ రంగు వేసి ఆరాక, బ్రష్షుని రాగి రంగులో ముంచి పాత గుడ్డకి తుడిచేయండి. మిగిలిన కాస్త రంగుతో అంచులు నిమిరితే అరిగిన లోహంలా కనిపిస్తుంది. నీళ్ళు కలిపిన నల్ల అక్రిలిక్‌ని సందుల్లో పూసి తుడిస్తే పాతకాలపు మురికి వచ్చేస్తుంది. చివరగా క్లియర్ కోటు.

ఇక పెద్దలకి ఒక మాట. మన నాటకాల్లో భీముడి అట్ట గద దూరం నుంచి నిజమనిపిస్తే చప్పట్లు కొడతాం. పిస్తోలు నిజమనిపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. 1988 నాటి ఫెడరల్ చట్టం వల్లే ఇక్కడ అమ్మే బొమ్మ తుపాకుల గొట్టం చివర నారింజ రంగు ఉంటుంది, లేదా బొమ్మంతా కొట్టొచ్చే రంగుల్లో ఉంటుంది. 2014 నవంబరు 22న క్లీవ్‌లాండ్ పార్కులో 12 ఏళ్ళ టామిర్ రైస్ దగ్గర ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ బొమ్మే. దాని నారింజ చివర తీసేసి ఉంది. పోలీసు కాల్పుల్లో గాయపడి ఆ పిల్లాడు మర్నాడు చనిపోయాడు.

అందుకే నేను ముందే నారింజ చివరకి టేపు చుట్టి, రంగులన్నీ అయ్యాక విప్పుతాను. నలుపు, ఉక్కు రంగులు జోలికి పోను. చీకట్లో నారింజ కూడా కనపడదు కనుక దారిలో బొమ్మ సంచిలోనే ఉండాలి. స్కూలుకి అసలే వద్దు. ఎవరి వైపూ గురిపెట్టకూడదనీ, పోలీసు ఆగమంటే బొమ్మ వదిలేసి చెప్పినట్టు వినాలనీ పిల్లలకి ముందే చెప్పండి.

మీరు చేసిన బొమ్మల ఫోటోలు మా పిల్లల పేజీకి పంపండి. నారింజ చివర కనపడేటట్టు తీయాలి సుమా!