కరువుసీమ యను నిందావాక్యము

1928వ సంవత్సరము నవంబరు మాసమున నంద్యాలయందు కూడిన సభలో మన పెద్దలు చూపునకు చిన్నదియైన పెద్దపని యొకటి చేసిరి. 1800వ సంవత్సరమున నిజాము నవాబు కుంపిణీ సైన్యపు ఖర్చుక్రింద ధారపోసిన జిల్లాలకు ఇంగ్లీషువారు పెట్టిన పేరును మనవారు దత్తమండలములని తెనిగించుకొని నూటయిరువదియేండ్లకు పైగా మోసిరి. ఆ పేరును ఆ సభలో దింపివేసిరి. చిలుకూరి నారాయణరావుగారి సూచనపై రాయలసీమ యను పేరు నిలిచినది. ఒకరు మరియొకరికి వ్రాసియిచ్చిన వస్తువు గాదు ఈ నేల, తనకొక చరిత్ర గలదు, అని లోకమునకు తెలియజేయుటయే ఆ నామకరణమునందలి సారము.

ఆ సభ జరిగి నూరేండ్లు నిండవచ్చుచున్నవి. ఇంతలో మరియొక పేరు మన మెడకు చుట్టుకొన్నది. అది కరువుసీమ. దత్తమండలమను పేరు పరులు పెట్టినది. ఈ పేరును మనమే పెట్టుకొంటిమి. ఉపన్యాసకుడు వేదిక యెక్కినతోడనే "కరువుసీమ ప్రజలారా" యని మొదలుపెట్టును. వినువారు చప్పట్లు చరతురు! ఈ పేరు అసత్యమనియు, అంతకుమించి అపాయకరమనియు మేము తలచుచున్నాము. ఈ పేరుతో ఎక్కువగ పిలువబడునది అనంతపురము గావున ఆ జిల్లా సంగతియే ఇచట విచారింతము.

1882లో బళ్ళారి నుండి వేరుచేయబడిన ఈ జిల్లా 19,130 చదరపు కిలోమీటరుల విస్తీర్ణము గలది; 2011 జనాభా లెక్కల ప్రకారము 40,81,148 మంది ప్రజలకు నివాసము. 2022 ఏప్రిలు 4వ తేదీన అది రెండుగా చీలి, ఉత్తరభాగమునకు అనంతపురమను పేరే మిగిలినది. దక్షిణభాగము పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లా యైనది. ఆనాడు కచేరి హిందూపురమున నుండవలెనా, పుట్టపర్తిలో నుండవలెనా యని ఎంత రభస జరిగినదో చదువరులు ఎరుగుదురు. అందులో నూరవవంతు పట్టుదల కాలువనీటి విషయమున చూపియుండినచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయెడిది. ఇక్కడ మేము జిల్లా యనునపుడెల్ల చీలిన రెండు ముక్కలను కలిపియే చెప్పుచున్నాము.

దేశమంతటను జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతము గల జిల్లా అనంతపురమని ఒక మాట కలదు. అది పాఠ్యపుస్తకములలో గలదు, సర్కారు నివేదికలలో గలదు, అర్జీలలో గలదు. ఆ మాట తప్పు. అనంతపురమున సగటున ఏటికి 552 మిల్లీమీటరుల వాన కురియును. రాజస్థానమునందలి బికనీరు, బార్మేరు జిల్లాలకు మూడువందలైనను లేదు; హిమాలయముల వెనుకనున్న లేహ్ పట్టణమునకు నూరు కురిసిన గొప్ప. ఈ లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు అరగడియ పట్టదు. అయినను ఎవరును చూడలేదు. ఏలయనగా ఆ మాట అందరికిని అనుకూలము. ఆకాశమే దోషియైనచో కాలువ త్రవ్వనివాని నడుగ నక్కరలేదు, చెరువు పూడిక తీయనివాని నడుగ నక్కరలేదు. 1995 ప్రాంతమున కేంద్రప్రభుత్వపు ఎడారి అభివృద్ధి పథకములో ఈ జిల్లాను చేర్చిరి. ఎడారి యనిపించుకొని సొమ్ము తెచ్చితిమని ఆనాడు సంతోషించినవారును గలరు. మన యిల్లు పాడని చాటింపు వేయించుకొని బిచ్చమునకు బయలుదేరుట ఎట్టి ప్రజ్ఞయో మాకు బోధపడదు.

వాన తక్కువ యని మేము కాదనము. నైరుతి పవనము పడమటి కనుమలను దాటి వచ్చుసరికి దాని భాండము సగము ఖాళీ. ఈశాన్య పవనము కోస్తాను తడిపి ఇచటికి వచ్చుసరికి మిగిలినది చినుకు. రెండు ఋతువులకును ఈ సీమ తుదియూరు. వచ్చు కొద్దిపాటి వానయు సెప్టెంబరులో ఎక్కువ, జూలైలో అనుమానము. ఇంతవరకు ప్రకృతి. కాని 552 మిల్లీమీటరులను 19,130 చదరపు కిలోమీటరులతో గుణించి చూడుడు. సుమారు 370 టి.ఎం.సి.ల నీరు! నేటి తుంగభద్ర జలాశయము మూడుమారులు నిండి ఇంకను మిగులును. అందులో అధికభాగము ఎండకు ఆవిరియగును, నేలలో ఇంకును, నిజమే. మిగిలినదానిని ఆపుకొన్నవాడు బ్రతికెను, పోనిచ్చినవాడు వలసపోయెను. ఈ జిల్లా చరిత్ర యంతయు ఆ ఆపుకొనుటలోనే యున్నది.

విజయనగర రాజులకు ఈ సంగతి తెలియును. బుక్కరాయసముద్రము, బుక్కపట్నము అను పేర్లు ఊరికే పుట్టలేదు. అనంతపురము, ధర్మవరము, పరిగి: ఎచట చూచినను ఊరికి ముందు చెరువు, చెరువునకు పిమ్మట ఊరు. పొరుగున కడపజిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనము కలదు. చెరువునకు కావలసిన అంగములు పండ్రెండనియు, దోషములు ఆరనియు అందు చెక్కించియున్నారు. ఈనాటి ఇంజనీరులు ఆ శాసనమును చదివి చిన్నతనము పడనక్కరలేదు, చదువకుండుటయే చిన్నతనము. ఒక వంకపై ఎగువ చెరువు నిండి మరువ పారిన, ఆ నీరు దిగువ చెరువునకు చేరును. అదియు నిండిన మూడవదానికి. ఇట్లు గొలుసుగా కట్టిరి. కట్టను కాచుటకును తూము తీయుటకును నీరుగట్టి యుండెను. చెరువు కట్టించినవానికి, బాగుచేయువానికి దశబంధ మాన్యము ఉండెను. మాన్యము పోయెను, దానితో బాధ్యతయు పోయెను. నీరుగట్టి కూలివాడయ్యెను. వంకలలో తుమ్మ మొలచెను, చెరువుకడుపున పూడిక పేరుకొనెను, కొన్నిచోట్ల ఇండ్లే లేచెను.

తెల్లవాని యేలుబడిలో గోదావరికి ధవళేశ్వరము వద్ద 1852లోను, కృష్ణకు బెజవాడ వద్ద 1855లోను ఆనకట్టలు వచ్చినవి. ఆ డెల్టాల సోదరుల భాగ్యమునకు మాకు అసూయ లేదు. కాని అదే దొరతనము దత్తమండలములలో శిస్తు వసూలు చేసినంత శ్రద్ధతో చెరువు మరమ్మతు చేయించినదా? ఈ సీమ భూములపై వేసిన శిస్తు భరింపరానిదని, నాల్గవవంతు తగ్గింపవలెనని 1807లో మన్రో దొరయే వ్రాసెను. పైవారు అప్పుడే వినలేదు. ధాత సంవత్సరపు కరువు, అనగా 1876 మొదలు 1878 వరకు జరిగిన మహాక్షామము, ఈ సీమను ఊడ్చివేసినపుడు వాన తప్పినదనుట సగము నిజము. చెరువును, గాదెను ముందే తప్పించిరనుట రెండవసగము.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఆ రెండవసగము దిద్దబడవలసినది. దిద్దబడలేదు. పైగా వేరుసెనగ వచ్చినది. కొఱ్ఱ, సజ్జ, జొన్న, ఆరిక, అనుము, కంది కలిసి పెరిగిన ఎఱ్ఱనేలలలో ఒకే పంట విస్తరించి కడకు ఎనిమిది లక్షల హెక్టార్లను ఆక్రమించెను. దేశమున మరి యే జిల్లాయందును అంత వేరుసెనగ లేదనుట మనకు గొప్పగా నుండెను. రైతును తప్పుపట్టుట తేలిక. జూన్ మాసము రాగానే సర్కారు తక్కువ ధరకు ఇచ్చు విత్తనము వేరుసెనగ, బ్యాంకు అప్పిచ్చుట వేరుసెనగకు, భీమా వేరుసెనగకు, నూనెమిల్లు కొనునది వేరుసెనగ. కొఱ్ఱ వేసినవానిని పలుకరించినవాడు లేడు. అడుగు లోతైనను లేని నేలలో ఊడలు దిగు వేళ ఇరువదిదినములు వాన వెనుదీసిన, చెట్టు పచ్చగనే యుండును, కాయ యుండదు. 2000వ సంవత్సరమున కాండపుకుళ్ళు తెగులు వచ్చి రెండు లక్షల హెక్టార్లకు మించి పాడుచేసినది. ఒకే పంట, ఒకే దెబ్బ. అప్పుల పాలైన రైతు బోరుబావి త్రవ్వెను. నీరు పడక మరియొకటి త్రవ్వెను. ఆ తరువాతి కథ ఊరూర తెలిసినదే, ఇచట వ్రాయ చేయి యాడదు.

ఇక నదుల మాట. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున కోస్తావారును రాయలసీమవారును చేసికొన్న ఒడంబడికలో ఒక షరతు కలదు: తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల జలములలో పదియేండ్లపాటు, అవసరమైనచో అంతకు మించియు, రాయలసీమ అవసరములకే మొదటి స్థానమని. ఆంధ్రరాష్ట్రము కావలెనని మనమందరము కలిసి కేకవేయుటకు ఆ షరతే పునాది. రాష్ట్రము 1953లో వచ్చెను. అదే దినమున బళ్ళారియు, దానితో తుంగభద్ర ఆనకట్టయు మైసూరునకు పోయెను. రాయదుర్గము మాత్రము మన జిల్లాకు దక్కెను. ఎగువకాలువక్రింద మన రాష్ట్రమునకు 32.5 టి.ఎం.సి.లని కాగితము చెప్పుచున్నది. ఆ లెక్క నిండుగ అందిన యేండ్లు అరుదు. కట్టిననాడు 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము ఒండ్రు చేరి నూటయైదునకు దిగినది. 2024 ఆగస్టులో పందొమ్మిదవ తలుపు కొట్టుకొనిపోయి కన్నులయెదుట నీరు నదిపాలైనపుడు గాని దానికి వయసు మీరినదని పలువురకు తెలియలేదు.

శ్రీశైలపు జలాశయమున కృష్ణనీటిని ఎత్తి తెచ్చు హంద్రీ-నీవా కాలువ 2012లో జీడిపల్లి జలాశయమును చేరినది. ఆ దినమున జనులు నీటికి హారతి పట్టిరి. పట్టవలసినదే. కాని ఆరులక్షల ఎకరములని చెప్పిన పథకమునకు పొలములలోనికి పోవు పిల్లకాలువలు చాలచోట్ల కాగితముననే నిలిచిపోయినవి. నిండుకాలువ తన ఊరి ప్రక్కగా పారుచుండ ఎండుపొలము గట్టుపై నిలుచున్న రైతును ఊహించుడు. వానికి మనము చెప్పునది, నీది కరువుసీమ యని!

ఈ ప్రజలు చేతకానివారా? మడకశిర వైపు ఇంట కన్నడమును కచేరిలో తెలుగును మాటలాడు కుటుంబములు గలవు. కదిరి, హిందూపురములలో ఉర్దూ వినబడును. నిమ్మలకుంట తోలుబొమ్మలవారు ఇంట మరాఠీ మాటలాడుచు తెలుగు రామాయణము నాడింతురు. ధర్మవరపు మగ్గముపై నేసిన పట్టుచీర పెండ్లిపందిటి గౌరవము. గొఱ్ఱెలమందను తోలుకొని నెలలతరబడి పొరుగుజిల్లాల బీళ్ళలో తిరుగు కురుబవాడు వానమబ్బును వాతావరణశాఖవారి కంటె ముందు గుర్తించును. 1926లో పప్పూరు రామాచార్యులుగారు ఈ ఊరినుండియే శ్రీ సాధన పత్రిక నడిపిరి. కల్లూరు సుబ్బారావుగారు, తరిమెల నాగిరెడ్డిగారు, రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన నీలం సంజీవరెడ్డిగారు ఈ నేల బిడ్డలే. 2006 ఫిబ్రవరి 2వ తేదీన గ్రామీణోపాధి హామీ పథకమును దేశమంతటికిని ప్రారంభించుటకు ప్రధానమంత్రి మన్మోహన్‌సింగుగారు నార్పల మండలము బండ్లపల్లికి వచ్చిరి. మట్టిపనికి చేతులు ఎచట సిద్ధముగ నున్నవో ఢిల్లీకి తెలిసెను. ఆ చేతులే నేడు బెంగుళూరులో మేడలు కట్టుచున్నవి.

కొందరు మిత్రులు మాతో వాదించిరి. కరువు పేరు తీసివేసినచో పెట్టుబడి రాయితీ పోవును, భీమాసొమ్ము పోవును, కేంద్రపు సహాయము పోవును, పేరుతో మీకేల పట్టింపు? అని. ఈ వాదము తేలికగ త్రోసివేయదగినది గాదు. పంట పోయినయేడు ఆ నాలుగురూపాయలే గంజిమెతుకు. పంటనష్టమైన మండలమును నష్టమైనదని ప్రకటింపవలసినదే, సొమ్ము సకాలమున చేర్పవలసినదే. అది ఆ యేటి సంగతి. ఒక సీమకు శాశ్వతముగ కరువని బిరుదు తగిలించుట వేరుమాట. సహాయము దయచేత వచ్చును, దయ తప్పిన ఆగిపోవును. శ్రీబాగులో వ్రాసికొన్నది దయాపత్రము గాదు, ఒప్పందము. ఒప్పందమును చూపి అడుగువాడు జైసల్మేరు పేరెత్తనక్కరలేదు.

అడుగవలసినది ఇది. హంద్రీ-నీవా పిల్లకాలువలు ఏ మండలమున ఏ యేటికి పూర్తియగునో అచ్చువేసి ప్రకటింపుడు. అంతవరకు, కాలువ సాగు దారిలోని చెరువులన్నింటికిని మొదట నీరిండు; చెరువు నిండిన చుట్టుపట్ల బావులు బ్రతుకును. ఎగువకాలువ వాటాకు ఏటేట లెక్క చెప్పుడు. కొఱ్ఱకును, కందికిని వేరుసెనగకు చూపిన ఆదరణ చూపుడు.

మన పఠనమందిరములవారు కూడ ఒక పని చేయవచ్చును. గోడకొక కాగితము తగిలించి, తమ మండలపు చెరువుల పేర్లు, ఒక్కొక్కదాని ఆయకట్టు, కడపట మరువ పారిన సంవత్సరము వ్రాయుడు. మరువ పారిన యేడు ఊరి ముసలివారికి జ్ఞాపకముండును, పోయి యడుగుడు. ఆ పట్టికలు చేతబట్టుకొని గ్రామసభకును, కలెక్టరు కచేరికిని పోవుదము. మాకు పంపినచో ఈ పుటలయందే వరుసగ అచ్చువేయుదుము.