బల్ల ఎత్తు ఎవరి కొలత?

వర్జీనియా వుల్ఫ్ అనగానే మనకి ఒక గది, ఏడాదికి 500 పౌండ్లు గుర్తొస్తాయి. 1929 నాటి ఆ పుస్తకాన్ని మన సెమినార్లలో ఎంత అరగదీశామో చెప్పనక్కర్లేదు. నా సిద్ధాంత వ్యాసంలోనూ అది ఉంది. కానీ అంతకు పన్నెండేళ్ల ముందు, 1917లో, రిచ్మండ్‌లోని ఇంట్లో భోజనాల బల్ల మీద ఆమె, లియొనార్డ్ కలిసి పెట్టుకున్న చేతి అచ్చుయంత్రం గురించి ఎంతమందిమి మాట్లాడాం? ఖర్చు ఇరవై పౌండ్ల లోపే. సీసపు అక్షరాలు కూర్చింది వర్జీనియా. లియొనార్డ్‌కి చేతులు వణికేవి, ఆ పని ఆయన వల్ల కాలేదు. 1923లో ఎలియట్ 'వేస్ట్ లాండ్'ని అచ్చువేసినప్పుడు కూడా అక్షరాలు కూర్చినది ఆమే. తన నవలల్ని ఇంకో సంపాదకుడి మెప్పు కోసం రాయాల్సిన అవసరం ఆమెకి తప్పిందంటే అందులో ఆ యంత్రం వాటా చాలా ఉంది.

మనం గదిని తీసుకున్నాం, పనిముట్టుని వదిలేశాం. చదువుకున్న స్త్రీకి విముక్తి అంటే చేతిపని నుంచి విముక్తి అనుకున్నాం కాబట్టి. రంపం, ఉలి పట్టే చేతులు వేరే కులాలవని, ఆ కులాల్లో కూడా మగవాళ్లవేనని నమ్ముతూ పెరిగాం కాబట్టి. ఇందులో కులమెంత, జెండరెంత అని విడదీసి చూపడం నాకైతే సాధ్యం కావడం లేదు.

అసలు రిచ్మండ్ దాకా ఎందుకు? మన ఊళ్లలో ఇల్లు ఎప్పుడూ కార్ఖానాయే. నేతపని వాళ్ల ఇంట్లో వెలుతురున్న గది మగ్గం గుంటకి పోతుంది. కండెలు చుట్టే ఆమె వసారాలోనో, పొయ్యి పక్కనో సర్దుకుంటుంది. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆమెకి ఒళ్లో చాటే పనిబల్ల. ఆమె ఇంటి నేల, ఇంటి దీపం, ఇంటి నడుము నొప్పి అన్నీ యజమానికి ఉచితం! 2019-20 నాటి నాలుగో చేనేత గణనలో సుమారు 35 లక్షల మంది చేనేత కార్మికుల్లో డెబ్బై శాతానికి పైగా స్త్రీలేనని తేలింది. అయినా 'నేతన్న' అనే మాట మాత్రం మారలేదు. ఆసు పోసీ పోసీ తల్లి భుజం పడిపోవడం చూడలేక చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ అంతకు ముందు తరాల ఆడవాళ్ల భుజాలు ఎవరికీ ఇంజనీరింగ్ సమస్యగా ఎందుకు కనిపించలేదు?

2023లో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకం చూడండి. పద్దెనిమిది చేతివృత్తుల వాళ్లకి పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయం. మంచిదే. కానీ కుటుంబానికి ఒక్కరికే! మట్టి జల్లించి, తొక్కి, ముద్దలు చేసిచ్చే ఆమె, సారె తిప్పే అతను ఒకే ఇంట్లో ఉంటే ఆ ఒక్కరూ ఎవరవుతారో వేరే చెప్పాలా? ఆ కార్ఖానా అతని పేరు మీద నమోదవుతుంది. ఆమె అందులో 'సాయం' చేస్తూ ఉంటుంది.

ఇక నా సంగతి. అద్దె ఇల్లు. వంటింటి వెనక నాలుగడుగుల వెడల్పు బాల్కనీ. నాకు పుస్తకాల బీరువాలు కావాలి, 'గృహలక్ష్మి' పాత సంచికల జిరాక్సులు బైండు చేసుకోవాలి. పాత ఇళ్లు కూల్చిన సామాను అమ్మే చోట ఒక టేకు తలుపు రెక్క, ద్వారబంధం ముక్కలు 2,800కి దొరికాయి. తలుపే బల్లపై చెక్క, ద్వారబంధాలే కాళ్లు. పాత కలప బరువుగా ఉంటుంది, రంపం ఆడించినప్పుడు బల్ల కదలదు. గోడకి మేకు కొట్టొద్దని ఇంటివాళ్ల షరతు కాబట్టి ఇల్లు మారేటప్పుడు బోల్టులు విప్పి పట్టుకుపోయేలా బిగించాను. వైస్, డ్రిల్లు, రెండు ఉలులు, చిత్రిక, రంపం, దీపం అన్నీ కలిపి మొత్తం 10,600 అయింది. అందులో 2,400 ఎర్తింగు ఉన్న బోర్డుకి, కరెంటు కాస్త లీకైనా చటుక్కున ఆగిపోయే ఆర్.సి.సి.బి. స్విచ్చుకి పోయింది. బడ్జెట్ తక్కువైతే ఒక ఉలి తగ్గించుకోండి గానీ దీన్ని తగ్గించుకోకండి. డ్రిల్లు దగ్గర చున్నీ, గాజులు, విరబోసిన జుట్టు, చేతి తొడుగులు ఏవీ వద్దు.

ఎత్తు విషయంలోనే పేచీ వచ్చింది. రెడీమేడ్ బల్లలు 34 అంగుళాలకి తగ్గవు. నిలబడి చేతులు కిందికి వదిలితే మణికట్టు మడత ఎక్కడికొస్తుందో చిత్రిక పట్టే బల్ల అక్కడికుండాలి. నా అయిదడుగుల ఒక అంగుళానికి అది ముప్ఫై. (మన వడ్రంగులు నేలమీద కూర్చుని, పాదాలతోనే చెక్కని అదిమిపట్టి పనిచేసేవాళ్లు. అసలు ఈ నిలబడే బల్లే మనది కాదు.) "అంత పొట్టిదైతే మీవారికి నడుం నొప్పి వస్తుందమ్మా" అన్నాడు కోత మిల్లు ఆయన. ఆ బల్ల ముందు నేను నిలబడతానన్నది ఆయన ఊహకే అందలేదు.

స్నేహితులకీ అందలేదు. "మంచి హాబీ" అన్నారు. ఒకామె మాత్రం సూటిగా, "వంట, ఉద్యోగం, పిల్లలు చాలకనా, ఇప్పుడు మగవాళ్ల పని కూడా నెత్తికెత్తుకోవాలా?" అని అడిగింది. ఆ ప్రశ్నని కొట్టిపారెయ్యను. కానీ ఇంట్లో కొళాయి కారితే, కుర్చీ కాలు విరిగితే మనం ఎవరి తీరిక కోసం ఎదురుచూస్తున్నామో, ఆ ఎదురుచూపు ఏ లెక్కలోకి వస్తుందో కూడా చెప్పాలి కదా. పైగా స్త్రీకి పనిముట్టు అంటే కుట్టుమిషనే అని ప్రభుత్వాలూ, స్వచ్ఛంద సంస్థలూ తీర్మానించేశాయి. ఆ కుట్టుమిషన్ని కూడా ఇంట్లో ఎక్కడ పెడతారు? మంచానికీ గోడకీ మధ్య మిగిలిన సందులో, కిటికీకి వీపు పెట్టి.

రెండు పడకగదుల ఫ్లాటు ప్లానుల్లో పూజకి చోటుంటుంది, చెప్పులకి చోటుంటుంది. మనలో ఇల్లు కట్టించుకుంటున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మేస్త్రీ గోడ లేపకముందే కిటికీ పక్కన నాలుగడుగులు, ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు అడిగి గీయించుకోండి. అది దేనికని అడిగితే బల్లకని చెప్పండి. ఎత్తు మీ మణికట్టు దగ్గర కొలిచి ఇవ్వండి.