టొలీడో పోయి యూ.పీ. వచ్చె

మీ ఊరు మిషిగన్‌లో ఎక్కడని అడిగితే మన పిల్లలు కుడి అరచెయ్యి ముఖానికి ఎదురుగా పెట్టుకుని, బొటనవేలి మొదట్లో చూపిస్తారు. రాష్ట్రం అచ్చం చేతితొడుగు ఆకారంలో ఉంటుంది కనుక అది సులువే. అయితే ఆ చేతికి పైన, నీళ్ళకవతల, మరో పెద్ద ముక్క ఉంది. అదే అప్పర్ పెనిన్సులా, వాడుకలో యూ.పీ. కొత్తగా వచ్చినవాళ్ళు ఉత్తరప్రదేశ్ అనుకుంటే వాళ్ళ తప్పేమీ లేదు! అది విస్కాన్సిన్ నేలకు అతుక్కుని ఉంది. మనకూ దానికీ మధ్య మాకినా వంతెన ఒక్కటే దారి, అదీ 1957లో వచ్చింది. దాని పడమటి కొసనున్న ఐరన్‌వుడ్‌కు కారులో వెళ్ళడం కన్నా డెట్రాయిట్ నుంచి వాషింగ్టన్ వెళ్ళడమే దగ్గర. ఇంత దూరపు నేల మనకెలా వచ్చిందన్నదే ఈసారి కథ.

దీనికి మూలం టొలీడో. 1787 నాటి చట్టం ప్రకారం మిషిగన్ సరస్సు దక్షిణపు కొస నుంచి నేరుగా తూర్పుకు గీసిన గీత సరిహద్దు కావాలి. కానీ అప్పటి పటంలో ఆ కొసను ఉన్న చోటికన్నా ఉత్తరంగా వేశారు. ఒహాయో ఆ పటాన్ని నమ్ముకుంది. 1803లో రాష్ట్రమయ్యేముందే, గీత ఎక్కడ పడినా మామీ నది సరస్సులో కలిసే రేవు మాత్రం తమదేనని రాజ్యాంగంలో రాసుకుంది. తీరా కొలిస్తే ఆ రేవు మిషిగన్ వైపు పడింది. ఇద్దరి తరఫునా రెండు సర్వేలు జరిగి రెండు గీతలు తేలాయి. వాటి మధ్య 468 చదరపు మైళ్ళు. కాగితం మీద వెంట్రుకవాసి తేడా నేలమీద ఎన్ని మైళ్ళవుతుందో నాలాంటి సివిల్ ఇంజనీర్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1825లో ఈరీ కాలువ తెరిచాక సరస్సు రేవుల విలువ పెరిగి, పాత తగాదా కాస్తా రాజుకుంది.

1835లో మిషిగన్ ఇంకా రాష్ట్రం కాలేదు, టెరిటరీ. తాత్కాలిక గవర్నరు స్టీవెన్స్ మేసన్‌కు 23 ఏళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వయసు కుర్రాడికి కొత్త కారు తాళాలివ్వడానికే వెనకాడతాం. ఆయన ఏకంగా సైన్యాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు! అటు ఒహాయో గవర్నరు రాబర్ట్ లూకస్ కూడా తగ్గలేదు. చరిత్రలో దీనికి టొలీడో యుద్ధమని పేరు. యుద్ధం మొత్తానికీ చెప్పుకోదగ్గ గాయం ఒక్కటే. మన్రో కౌంటీ డిప్యూటీ షెరీఫ్ జోసెఫ్ వుడ్‌ను టూ స్టిక్నీ అనేవాడు చాకుతో పొడిచాడు. టూ అనేది నిజంగా అతని పేరే. అన్నగారి పేరు వన్! పుస్తకాలన్నీ తిరగేసి పిల్లలకు పేర్లు వెతికే మన దంపతులకు ఈ సంగతి ఉపయోగపడవచ్చు. షెరీఫ్‌గారు బతికారు.

అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు 1836 ఎన్నికలు ముందున్నాయి. ఒహాయోకు ఓట్లున్నాయి, టెరిటరీకి లేవు. ఇక న్యాయం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? టొలీడో ఒహాయోకు, బదులుగా యూ.పీ. పడమటి ముప్పాతిక భాగం మిషిగన్‌కు అన్నారు. మంచు తప్ప ఏమీ లేని అడవి మాకెందుకని సెప్టెంబరులో ఆన్ ఆర్బర్ సభ తిరస్కరించింది. కానీ ఖజానా ఖాళీ. కేంద్రం మిగులు నిధులు పంచబోతోంది, అవి రాష్ట్రాలకే దక్కుతాయి. డిసెంబరు చలిలో మరో సభ కూర్చుని సరేనంది. 1837లో మిషిగన్ 26వ రాష్ట్రమయింది. ఏ తేదీనో తెలుసా? జనవరి 26న! మన రిపబ్లిక్ దినోత్సవం నాడు. హాలు దొరికిన శనివారమే మనకు సంక్రాంతి కనుక, ఒక్కోసారి మూడు పండుగలూ కలిసివస్తాయి.

సరిహద్దు బాధ మన తెలుగువాళ్ళకు తెలియనిది కాదు. 1953లో మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. బళ్ళారి మైసూరుకు పోయింది, 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పోలవరం ముంపు మండలాల గొడవ మనలో చాలామందికి కొత్త జ్ఞాపకమే. మిషిగన్, ఒహాయోల మధ్య నేలమీద రాళ్ళు పాతి రాజీపడింది 1915లో. ఈరీ సరస్సులోని గీతను సుప్రీంకోర్టు తేల్చింది 1973లో.

ఇక తోక పోయి కత్తి వచ్చిన కోతి కథలో లాగా, వద్దన్న నేలే కలిసొచ్చింది. 1841లో డగ్లస్ హౌటన్ అక్కడి రాగి గురించి నివేదిక ఇచ్చాడు. ఆ రాగి ఖనిజంగా కాక, లోహంగానే రాళ్ళలో దొరుకుతుంది. 1844లో విలియం బర్ట్ నెగానీ దగ్గర సర్వే చేస్తుంటే దిక్సూచి ముల్లు పిచ్చెత్తినట్టు తిరిగిపోయింది. సూర్యుణ్ణి బట్టి దిక్కు చెప్పే దిక్సూచిని కనిపెట్టినవాడాయనే కనుక పని ఆగలేదు. ముల్లు తిరగడానికి కారణం కాళ్ళకింద ఉన్న ఇనుము. 1855లో సూ దగ్గర లాకులు కట్టాక ఆ సంపదంతా ఓడలెక్కి దిగువకు ప్రవహించింది. చాలాకాలం దేశంలో రాగి ఎక్కువగా తీసిన రాష్ట్రం మిషిగనే.

పిల్లల పుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడితో ఆగుతుంది. నాకు మాత్రం రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. కాంగ్రెస్ ఈ నేలను పరిహారంగా ఇచ్చింది 1836లో. ఆ నేల మీద ఉన్న ఓజిబ్వే ప్రజలు లా పాయింట్ ఒప్పందంలో దాన్ని వదులుకున్నది 1842 అక్టోబరులో. రాగి, ఇనుము ఉన్నది ఆ నేలలోనే. అంటే జాక్సన్ సంతకం పెట్టేనాటికి అది ఇవ్వడానికి ఆయన చేతిలో ఉన్నది కాదు. టొలీడో కోసం పోట్లాడిన ఇద్దరు గవర్నర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, లూకస్ పేర ఏకంగా ఒక కౌంటీయే ఉంది. నేల సొంతదారులను అడిగారా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా పెద్దగా కనపడదు. తూర్పు యూ.పీ.ని వదులుకున్న మరో ఒప్పందం 1836 నాటిదే. దాని ప్రకారం సరస్సుల్లో చేపలు పట్టే హక్కు తమకింకా ఉందని బే మిల్స్ ఓజిబ్వేలు కోర్టు దాకా వెళితే, 1979లో ఫెడరల్ న్యాయమూర్తి నోయెల్ ఫాక్స్ ఔనన్నాడు. 143 ఏళ్ళ నాటి కాగితం!

వేసవి సెలవుల్లో నయాగరాకు మూడోసారి వెళ్ళే బదులు ఒకసారి అటు వెళ్ళి రండి. సూ లాకుల్లో పెద్ద పెద్ద ఓడలు 21 అడుగులు దిగడం, ఎక్కడం దగ్గరనుంచి చూడవచ్చు. దారిలో పాస్టీ అని అమ్ముతారు, కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికుల తిండి. చూడటానికి మన కజ్జికాయకు పెద్దన్నలా ఉంటుంది. లోపల మాంసం, బంగాళాదుంప పెడతారు, శాకాహారులు అడిగి తీసుకోవాలి. ఆవకాయ మాత్రం మనమే పట్టుకెళ్ళాలి.