విషం ఎక్కడ పెడుతున్నారో ముందే చెప్పండి

అమెరికా సంయుక్త రాష్ట్రాల వ్యవసాయ శాఖ మంత్రి గారికి,



మీ శాఖలో వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ అనే విభాగం ఉంది. గొర్రెలనూ దూడలనూ ఎత్తుకుపోయే కయోటీలు, తోడేళ్లు, నక్కల నుంచి మందలను కాపాడడం దాని పనుల్లో ఒకటి. ఆ పనికి తుపాకులు, ఉచ్చులు, హెలికాప్టర్లతోపాటు దశాబ్దాల తరబడి విషం కూడా వాడింది. ఆ విషం ఎక్కడ ఉందో, ఎప్పుడు పెట్టారో, చివరికి ఏ ప్రాణి నోట పడిందో ఆ పక్కనే బతికే జనానికి చాలావరకు తెలియనే లేదు. ఆ విషయం గురించే మీకు ఈ ఉత్తరం.

నేను ఐడహోలో ఉంటున్న తెలుగువాణ్ణి. బోయిసీ చుట్టుపక్కల మావాళ్ల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మేమూ పన్నులు కడతాం. సెలవు రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని ప్రభుత్వ భూముల్లోని కొండలెక్కుతాం. వాళ్లందరికీ ఈ సంగతి తెలియాలనే తెలుగులో రాస్తున్నాను. దీన్ని చదివించుకుని అర్థం చేసుకోవడం మీ కార్యాలయానికి పెద్ద పని కాదు.

2017 మార్చి 16న మా రాష్ట్రంలోని పోకటెల్లోలో జరిగింది మీ శాఖ రికార్డుల్లోనే ఉంది. 14 ఏళ్ల పిల్లవాడు తన కుక్కతో కలిసి ఇంటి వెనక గుట్ట మీదికి వెళ్లాడు. నేలలోంచి చిన్న గొట్టం పైకి కనిపిస్తుంటే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ అనుకుని ముట్టుకున్నాడు. అది ఎం-44. భూమిలో దిగ్గొట్టిన గొట్టం, దానిలో స్ప్రింగు, ఆ పైన సోడియం సయనైడ్ పొడి నింపిన గుళిక, అన్నిటికీ పైన వాసన పట్టించిన ఎర. జంతువు ఆ ఎరను పళ్లతో పట్టి లాగగానే పొడి దాని నోట్లోకి చిమ్ముతుంది. తడి తగిలితే ఆ పొడి ప్రాణాంతకమైన వాయువుగా మారుతుంది. ఆ రోజు పొడి పిల్లవాడి మీద కూడా పడింది. అతను బతికాడు. కుక్క అతని కళ్లెదుటే గిలగిలా కొట్టుకుని చనిపోయింది.

ఆ గొట్టాన్ని అక్కడ నాటింది మీ ఉద్యోగి. ఆ స్థలం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అధీనంలోని ప్రజల భూమి. ఐడహోలోని ఫెడరల్ భూముల్లో ఎం-44లు పెట్టకూడదన్న నిర్ణయం 2016 నవంబరులోనే జరిగింది. అయినా 2017 ఫిబ్రవరిలో అక్కడ పెట్టారు. ఆ ఇంటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. కుటుంబం కోర్టుకెక్కితే, తప్పు పిల్లవాడిదీ అతని తల్లిదండ్రులదీ అన్నది ప్రభుత్వం ఇచ్చిన మొదటి జవాబు. 2020లో గానీ తన నిర్లక్ష్యాన్ని ఒప్పుకుని 38,500 డాలర్లు చెల్లించలేదు. విషం ఉందని ఎవరూ చెప్పని ఇంటిని, విషం జోలికి ఎందుకు వెళ్లారని నిలదీశారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ వాదనే.

అమెరికాలో మీ విభాగానికి విషాలూ పరికరాలూ తయారుచేసి పంపే సొంత డిపో ఉన్నది కూడా ఆ పోకటెల్లోలోనే. సరుకు తయారయ్యే ఊళ్లోనే ఇలా జరిగితే, ఎక్కడో టెక్సస్ పల్లెలో ఉండే మనిషికి ఎంతమాత్రం తెలిసి ఉంటుంది?

మీ విభాగం ఏమీ దాచడం లేదని మీ అధికారులు అనవచ్చు. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ లెక్కలు ప్రకటిస్తున్న మాట నిజమే. ఏ రాష్ట్రంలో, ఏ పద్ధతిలో, ఏ జాతివి ఎన్ని చంపారో అందులో ఉంటుంది. ఏటా పదుల వేల కయోటీలను చంపుతున్నారని మాకు తెలిసింది ఆ లెక్కల వల్లనే. కానీ ఆ అంకెలు రాష్ట్రాలవారీగా ఉంటాయి, ఏడాది ముగిశాక వస్తాయి. టెక్సస్ విస్తీర్ణం మా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన దానికి రెండింతలు దాటుతుంది. అంత నేలకు ఒక్క అంకె చెబితే ఏ తల్లి తన బిడ్డను ఏ గుట్టకు పంపకూడదో తెలుసుకోగలదు? చంపినవాటి పద్దు రాయడం మీ గుమాస్తాల అవసరం. మాకు కావలసింది స్థలం, సమయం. అవి కూడా ముందుగా కావాలి.

తెలియకుండా పెట్టిన విషం ఎవరి ప్రాణం తీస్తుందో పెట్టినవాడి చేతిలో ఉండదు. పోకటెల్లో ఘటనకు కొద్ది వారాల ముందు, అదే 2017 ఫిబ్రవరిలో, ఒరెగాన్ ఈశాన్య ప్రాంతంలో ఎం-44 విషానికి ఓఆర్-48 అనే తోడేలు చనిపోయింది. ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ దాని కదలికలు తెలుసుకోవాలని అప్పుడే మెడకు రేడియో పట్టీ కట్టింది. ఒక ప్రభుత్వం కాపాడుకుంటున్న ప్రాణిని ఇంకో ప్రభుత్వం పెట్టిన విషం బలిగొన్నది. 2012లో శాక్రమెంటో బీ పత్రిక మీ విభాగం రికార్డులనే తిరగేసి, 2000 నుంచి అప్పటివరకు గురి పెట్టని జంతువులు 50 వేలకు పైగా చనిపోయాయని రాసింది. అది ఉచ్చులూ ఉరులూ విషాలూ అన్నీ కలిపిన లెక్క. ఆ సంగతి ప్రజలకు చెప్పవలసింది మీరు. చెప్పింది ఒక పత్రికా విలేకరి.

మా తెలుగు పల్లెల్లో ఒక ఘోరం జరుగుతూ ఉంటుంది. అడవి పందులు పైరు పాడుచేస్తున్నాయని రైతు రాత్రిపూట పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. పంది పడుతుందో లేదో గానీ, నీళ్లు పెట్టడానికి వెళ్తున్న పక్క పొలం మనిషి ఆ చీకట్లో తీగ తగిలి ప్రాణం పోగొట్టుకుంటాడు. తీగ పెట్టిన రైతు మీద కేసు పెడతారు. పంట పోయిన రైతు బాధ అందరికీ అర్థమవుతుంది, అయినా చెప్పకుండా మృత్యువును దారిలో పరిచే హక్కు అతనికి లేదంటుంది చట్టం. రైతుకు లేని ఆ హక్కు ప్రభుత్వానికి ఎలా వచ్చింది?

గొర్రెల పెంపకందారుల కష్టం నాకు తెలియంది కాదు. మాది అనంతపురం జిల్లాలో గొర్రెలు కాసుకుని బతికిన కుటుంబం. రాత్రి దొడ్డిలోకి తోడేలు జొరబడితే తెల్లారేసరికి ఆ ఇంటి ఏడాది బతుకు ఏమవుతుందో పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. అందుకే ఐడహో గొర్రెల యజమానిని నేను శత్రువుగా చూడను. అతనికి కాపలా కావాలి. ఆ కాపలాకు విషం ఒక్కటే దారి కాదని మా ఐడహో రాష్ట్రమే చూపించింది. సాటూత్ పర్వతాల దగ్గర వుడ్ రివర్ లోయలో 2008 నుంచి కాపరి కుక్కలు, రాత్రి మంద దగ్గర మనిషి కావలి, ఎర్ర గుడ్డపీలికలు కట్టిన తాళ్ల దడి, మెరిసే దీపాలు వాడి తోడేళ్లను దూరంగా ఉంచుతున్నారు. ఏడేళ్ల అనుభవం మీద 2017లో వచ్చిన అధ్యయనంలో, తోడేళ్లను చంపుతున్న పక్క ప్రాంతంలో గొర్రెల నష్టం ఇక్కడికంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. విషం మీద ఎంత ఖర్చయిందో, ఈ కాపలా పద్ధతుల మీద ఎంత ఖర్చయిందో, దేనివల్ల ఎన్ని గొర్రెలు దక్కాయో జిల్లాలవారీగా పక్కపక్కన వేసి చూపిస్తే, గొర్రెల యజమానే తనకు ఏది మేలో తేల్చుకోగలడు. మూసిపెట్టిన లెక్కలు అతనికీ నష్టమే.

2024లోనే ఎం-44లు ఆగిపోయాయి కదా, ఇంకా ఎందుకీ గొడవ అని మీ సిబ్బంది అడగవచ్చు. 2023 నవంబరులో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ తన 24.5 కోట్ల ఎకరాల్లో వాటిని వాడకూడదంది. 2024 మార్చిలో కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలో వాటికి పైసా ఖర్చు పెట్టరాదని రాసింది. ఈ రెండింటికీ నేను సంతోషించాను. కానీ మొదటిది అధికారుల మధ్య ఒప్పందం, రెండోది ఏటేటా తిరిగి రాయవలసిన షరతు. రాష్ట్రాలు సొంతంగా తీసుకున్న అనుమతులు వేరే ఉన్నాయి. కయోటీల బొరియల్లో పొగ నింపి చంపే గుళికల మాట ఆ షరతులో లేదు.

ఈ దేశ చరిత్ర కూడా నా భయానికి కారణమే. పెంపుడు మందల రక్షణకు అవసరమైన దానికంటే చాలా ఎక్కువ జంతువులను చంపుతున్నారని 1964లో స్టార్కర్ లియోపోల్డ్ నాయకత్వంలోని సంఘం ప్రభుత్వానికి చెప్పింది. 1971లో స్టాన్లీ కేన్ సంఘం విషాలు మానెయ్యమంది. 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూముల్లో వాటిని ఆపాడు. ఆ మార్చిలోనే పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) సయనైడ్, స్ట్రిక్‌నిన్, 1080 విషాల అనుమతులు రద్దు చేసింది. నాలుగేళ్లు తిరగకుండానే, 1975లో, సయనైడ్ ఎం-44 రూపంలో తిరిగొచ్చింది. 1982లో అధ్యక్షుడు రీగన్ నిక్సన్ ఉత్తర్వునే ఎత్తేశాడు. 2019 ఆగస్టులో ఈపీఏ ఎం-44కు మళ్లీ అనుమతిచ్చి, జనం మండిపడగా కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుని, డిసెంబరులో తిరిగి ఇచ్చింది. నిషేధాలు వస్తాయి, పోతాయి. తెలియజేసే పద్ధతి ఒకటి స్థిరపడితే, రేపు విషం తిరిగొచ్చినా జనం కళ్లు మూసుకుని నడవనక్కర్లేదు.

ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. 1080 విషాన్ని ప్రపంచంలోకెల్లా ఎక్కువగా వాడే దేశం న్యూజిలాండ్. దాని మీద అక్కడ తీవ్రమైన వాదోపవాదాలు నడుస్తున్నాయి. అయినా ఎక్కడెక్కడ విషం చల్లారో, చల్లబోతున్నారో ఆ దేశపు పరిరక్షణ శాఖ పటాలతో సహా ప్రకటిస్తుంది. గాలిలోంచి విషం చల్లే పని మీద అక్కడి పర్యావరణ సంస్థ వార్షిక నివేదిక ఇస్తుంది. విషం అవసరమని నమ్మే ప్రభుత్వమే బహిరంగంగా చెప్పగలుగుతోంది. ఎం-44 నిబంధనల్లో కూడా, పెట్టే ముందు స్థానిక వైద్యులకు తెలియజేయాలని ఉంది. రాబోయే రోగి కోసం వైద్యుణ్ణి సిద్ధం చేసినవారు, ఆ మనిషి రోగి కాకుండా ఆపే ఒక్క మాట అతనికే చెప్పి ఉండవచ్చు కదా.

ప్రైవేటు భూముల విషయంలో 2008 వ్యవసాయ చట్టంలోని 1619 సెక్షన్ అడ్డమని మీ న్యాయవాదులు చెబుతారని తెలుసు. రైతు ఇచ్చిన భూమి వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది ఆ సెక్షన్. కానీ పేర్లు లేకుండా మొత్తాలుగా కలిపిన లెక్కలు ఇవ్వడానికి అదే సెక్షన్ వీలిస్తుంది. రైతు ఒప్పుకుంటే వివరాలు చెప్పడానికీ వీలిస్తుంది. ఆ మర్యాదను పాటిస్తూనే నేను అడుగుతున్నవి ఇవి.

ఒకటి: ప్రజల భూమిలో విషం పెట్టే ఆలోచన ఎప్పుడు తిరిగొచ్చినా, కనీసం 30 రోజుల ముందు పటంతో సహా ప్రకటించండి.

రెండు: ప్రైవేటు భూమిలో మీ సేవ కోరే యజమానితో రాసుకునే ఒప్పందంలోనే, చుట్టుపక్కల ఇళ్లకూ బడికీ పశువైద్యుడికీ చెప్పడానికి సమ్మతి తీసుకోండి. విషం కావాలన్నవారు పొరుగువారికి చెప్పడానికి ఒప్పుకోవాలి.

మూడు: చంపిన లెక్కలను కౌంటీలవారీగా, నెలనెలా ఇవ్వండి. గురి తప్పి చనిపోయిన ప్రతి పెంపుడు కుక్క, ప్రతి పక్షి, ప్రతి తోడేలు మీద జరిగిన విచారణ నివేదికను బయట పెట్టండి.

నాలుగు: ఆపేసిన ఎం-44లను ఎక్కడెక్కడి నుంచి ఎన్ని తీశారో, పోకటెల్లో డిపోలో ఎంత సయనైడ్ మిగిలిందో, దాన్ని ఏం చేస్తారో చెప్పండి.

ఐదు: సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఎవరైనా అడిగితే, అది విధించిన 20 పనిదినాల్లో జవాబివ్వండి. భారతదేశంలో 2005 నాటి సమాచార హక్కు చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రజలు అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే ఏమేమి చెప్పాలో నాలుగో సెక్షన్‌లో రాసింది. ఆ స్ఫూర్తి మీకూ అవసరం.

1931 మార్చి 2 నాటి చట్టం ఈ పనిని నేరుగా వ్యవసాయ మంత్రి చేతికే అప్పగించింది. అందువల్ల ఈ బాధ్యతను కింది అధికారుల మీదికి నెట్టడానికి వీల్లేదు. నేను అడిగిన ఈ ఐదింటిలో దేనికీ కాంగ్రెస్ కొత్త చట్టం చేయనక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు. ఆ ఉత్తర్వు ఇస్తారో ఇవ్వరో, ఇవ్వకపోతే ఎందుకివ్వరో, ఇంతే బహిరంగంగా మాకు చెప్పమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు పౌరుడు
బోయిసీ, ఐడహో