ఒక్కసారి జరిగితే చరిత్ర కాదు

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో ఫార్ములా ఇ రేసు జరిగినప్పుడు, చరిత్ర సృష్టించేశామన్నంత హడావుడి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ మధ్య తిరిగిన 2.8 కిలోమీటర్ల ట్రాక్ అది. ఈమధ్య దాన్నే వెతుక్కుంటూ నడిచాను. మామూలు రోడ్డు, మామూలు ట్రాఫిక్కు. జీన్ ఎరిక్ వెర్న్ గెలిచిన చోటు ఇదీ అని చెప్పే రాయి ఒక్కటీ నాకు కనబడలేదు. మరుసటేడు జరగాల్సిన రేసు రద్దయింది. తర్వాత మిగిలింది ఎసిబి కేసూ, టీవీ చర్చలూ. ఎవరు సంతకం పెట్టారు, డబ్బు ఎటు పోయింది అని అందరూ అడిగారు. అడగాల్సిందే. కానీ ఆ రేసు వల్ల ఇక్కడివాడు ఒక్కడైనా రేసు కారు నడపడమో, కట్టడమో నేర్చుకున్నాడా అని ఎవరూ అడగ్గా నేను వినలేదు.

నిజంగా చారిత్రకమైన ట్రాక్ మనకి దగ్గర్లోనే ఉంది. నెల్లూరు మీదుగా మద్రాసు వెళ్ళే దారిలో, రెడ్‌హిల్స్ ఇంకా రాకముందు, షోళవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు అక్కడ రేసులు నడిపింది. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ పుట్టుక కూడా ఇదే: యుద్ధకాలపు విమానాశ్రయం. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొట్టమొదటి రేసు 1950 మే 13న అక్కడే జరిగింది. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. ఆ మద్రాసు దారిలో ఎన్నిసార్లు వెళ్ళానో! షోళవరంలో ఒకప్పుడు రేసులు జరిగేవని చెప్పే బోర్డయినా నా కంటపడలేదు.

అయినా షోళవరం ఉత్తినే పోలేదు. ఆ క్లబ్బే తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి కార్లు తయారుచేశాడు. ఆ కార్లతో మొదలుపెట్టిన నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌కి వెళ్ళాడు. అద్దె రన్‌వే నుంచి ఇంత దూరం! కారణం పెద్ద రహస్యమేం కాదు. మళ్ళీ వచ్చే ఏడు కూడా రేసు ఉంటుందని తెలిస్తేనే మెకానిక్ ఈ ఏడు చేసిన తప్పు దిద్దుకుంటాడు.

"రేసింగ్ డబ్బున్నవాళ్ళ ఆట, మన సంస్కృతి కాదు" అంటారు కొందరు. డబ్బు సంగతి ఒప్పుకుంటాను. సంస్కృతి సంగతి మాత్రం మా పల్నాడు వచ్చి చెప్పండి. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూశారా? కార్లకి సీసీల లెక్క ఉన్నట్టే ఎడ్లకి పళ్ళ లెక్క: రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలు. పెట్టిన టైములో ఎన్ని అడుగులు లాగాయో టేపు పెట్టి కొలుస్తారు. ఓడిన జతని మళ్ళీ మేపి పైఏటికి తయారుచేస్తారు. ఇది రేసింగ్ బుద్ధి కాక మరేమిటి?

ఆ బుద్ధి మా కుర్రాళ్ళలో కూడా ఉంది, చోటే లేదు. మాచర్ల నుంచి సాగర్ వెళ్ళే రోడ్డు మీద రాత్రిపూట సైలెన్సర్లు పీకేసి బైకులతో పందేలు వేస్తారు. ఎదురుగా లారీ వస్తుందో, గేదె వస్తుందో తెలీదు. ఆనక సెంటర్లో అశ్రునివాళి ఫ్లెక్సీ కడతాం. "కుర్రకారుకి భయం లేకుండా పోయింది" అని నాలుగు మాటలనుకుని ఇంటికెళ్తాం.

అందుకే మరో నగరంలో మరో రెండ్రోజుల రేసు తెస్తామంటే నాకు ఒళ్ళు మండుతుంది. అంతర్జాతీయ ఒప్పందాలు మాకొద్దు. జిల్లాకొక కిలోమీటరు తారు, చుట్టూ టైర్ల గోడ, హెల్మెట్ లేనివాణ్ణి లోపలికి రానివ్వని మనిషి, పక్కన ఒక అంబులెన్స్. నెలకో ఆదివారం. షోళవరంలా పాత రన్‌వే దొరికితే మరీ మంచిది. టికెట్టు పెట్టినా సరే, వీఐపీ గ్యాలరీ మాత్రం కట్టకండి. ఆ డబ్బుతో ఇంకో వరస టైర్లు పేర్చండి.