పుట్టిన తేదీ చూచి తుక్కు చేయవచ్చునా?



మొన్న ఒక పెండ్లిలో దూరపు బంధువొకరు "ఇంకా ఆ డొక్కు జీపును వదలలేదా మాస్టారూ? ప్రభుత్వమే తుక్కుకు వేయమంటున్నది కదా!" అన్నారు. చుట్టూ ఉన్నవారు నవ్వినారు. భోజనపంక్తిలో వాదన పెట్టుకొనుట మర్యాద కాదని అప్పటికి ఊరకున్నాను. ఇక్కడ ఊరకుండవలసిన పని లేదు.

నాది 1973 నాటి సి.జె.3బి పెట్రోలు జీపు. రంపచోడవరం ఏజెన్సీలో తెలుగు పండితునిగా ఉన్నప్పుడు, 1996లో వేలంలో కొన్నాను. బస్సు రాని ఊళ్ల పిల్లలను వాగులు దాటించి పదవ తరగతి పరీక్షలకు చేర్చిన బండి అది. 2017లో నేను పదవీ విరమణ చేసినాను, అది చేయలేదు.

విరమణ మాట వచ్చింది గనుక ఒక ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగుల విరమణ వయస్సు 58గా ఉండేది. 2014లో 60 చేసినారు, 2022లో 62 చేసినారు. ఆ ఎనిమిదేండ్లలో మా ఎముకలేమైనా గట్టిపడినవా? లేదు. అంకె మనుష్యులు పెట్టుకొన్నది, కావలసినప్పుడు జరుపుకొన్నారు. మనిషి విషయంలో జరిగే అంకె ఇనుము విషయంలో శిలాశాసనమెట్లయినది?

2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానానికి 'స్వచ్ఛంద' అని పేరు. వ్యాకరణం చెప్పుకొన్నవారికి నిత్యానికీ వైకల్పికానికీ భేదం తెలుసు. ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం. ఇక్కడ పేరు వైకల్పికం, నడక మాత్రం నిత్యం వైపు. 15 ఏండ్లు దాటిన సొంత కారుకు పునర్నమోదు రుసుము 2022 ఏప్రిల్‌కు ముందు 600 రూపాయలు. ఆ నెల నుండి 5,000. 2025 ఆగస్టులో, 20 ఏండ్లు దాటినవాటికి 10,000 చేసినారు. పునర్నమోదుకు ముందు బండిని పరీక్షించే నిబంధన ఉండనే ఉన్నది. పరీక్షలో నెగ్గినవానికి మళ్లీ వయస్సు జరిమానా దేనికి? పదివేలు కట్టినంత మాత్రాన పొగ తెల్లబడుతుందా?

"50 ఏండ్లు దాటినవి గదా, వింటేజి కింద నమోదు చేయించుకోండి" అని సలహా ఇచ్చేవారున్నారు. 2021 నాటి ఆ నియమాలు చదివినాను. వింటేజి బండి ప్రదర్శనకూ ర్యాలీకీ, ఇంధనానికీ మరమ్మతుకూ రోడ్డెక్కవచ్చును, నిత్యవాడుకకు పనికిరాదు. పైగా ఇంజనూ ఛాసిస్సూ మొదటి రూపం చెడకుండా ఉండవలెను. మా మిత్రులలో ఒకరి జీపుకు ఏనాడో డీజిలు ఇంజను వేసినారు, ఆర్.సి.లోనూ వ్రాయించినారు. పాపం, ఆ మార్పు వలననే అది ఇన్నాళ్లు బ్రతికినది. ఆ మార్పు వలననే గౌరవానికి అనర్హమైనది! అంటే చట్టం దృష్టిలో పాతబండి తుక్కయినా కావలెను, కొలువులో బొమ్మయినా కావలెను. పని చేసుకొని బ్రతికే ముసలివానికి చోటు లేదు.

ఇక "విడిభాగాలు దొరకవు" అనే మాట. రెండేండ్ల క్రితం 50 కిలోమీటర్ల వేగం దగ్గర నా జీపు ముందు చక్రాలు ఊగిపోవడం మొదలైంది. స్టీరింగు చేతుల్లో నిలువలేదు. ఒక పెద్ద వర్క్‌షాపులో పైపైన చూచి "దీనికి సామాను రాదు, అమ్మేయండి" అన్నారు. ఆ రాత్రి కడపలో ఉన్న విశ్రాంత బస్సు డ్రైవరుగారికి ఫోను చేసినాను. ఆయన కూడా జీపు మనిషే. రెండు ప్రశ్నలడిగి "కింగ్‌పిన్ బేరింగులు పోయినవి పంతులుగారూ" అన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగి బేరింగులు కొని పంపినది ఒక కుర్ర ఇంజనీరు. సి.జె.3బి అమెరికాలో 1968తో ఆగినా, మన దేశంలో మహీంద్రావారు ఆ రూపాన్ని తరువాత దశాబ్దాల పాటు కొనసాగించినారు గనుక వెదికేవానికి సామాను దొరుకుతుంది. బిగించినది మా వీథి చివర ట్రాక్టరు మెకానిక్కు.

బేరింగుల కింద పలుచని రేకులు వేసి బిగువు సరిచేయవలెను. ఆ బిగువు చేతి అంచనాకు అందదు. స్ప్రింగు కాటాతో లాగి చూడవలెను. మా దగ్గర కాటా లేదు. దారిన పోతున్న పాత సామాన్లవానిని పిలిచి అతని కాటా అడిగినాము. జీపును తూచడానికి వచ్చినానేమోనని అతడు సంతోషించినాడు! ఆ కాటాతోనే బిగువు కుదిరింది. ఎవరూ కూలి తీసుకోలేదు. అందరం కలిసి ఉప్మా తిన్నాము. ఈ చేతులన్నింటినీ ఏ తుక్కు లెక్కలో వేస్తారు?

ఎదుటి పక్షంలో న్యాయం లేదనను. పాత ఇంజను కొత్తదానికంటె ఎక్కువ మురికి వదులుతుందన్నది నిజం. దిల్లీ గాలి దుస్థితి తెలిసినదే. అక్కడ 10 ఏండ్ల డీజిలు, 15 ఏండ్ల పెట్రోలు బండ్లపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించినది. 2025 డిసెంబరులో, బి.ఎస్.4, ఆపై ప్రమాణాల బండ్లపై కేవలం వయస్సు చూచి చర్య తీసుకోవద్దన్నది. ఆ లెక్కన నా జీపు దిల్లీలో నిలువదు. నిలువకున్నా నాకు ఫిర్యాదు లేదు. కొలత పొగను బట్టి ఉన్నది గదా! మనలోనూ దోషులున్నారు. సైలెన్సరు పీకి, వీథులదరగొట్టి, దానిని అభిమానమంటారు. వారి తరఫున నేను మాట్లాడను.

నేనడిగేది రాయితీ కాదు. బ్రేకులు చూడండి, స్టీరింగు చూడండి, పొగ కొలవండి, ఛాసిస్సుకు తుప్పు పట్టినదేమో సుత్తితో కొట్టి చూడండి. ఐదేండ్లకొకసారి కాదు, ఏటేటా పిలవండి, వస్తాను. తప్పితే నేనే తాళాలు ఇచ్చివేస్తాను. ముప్పది మూడేండ్లు పిల్లల జవాబుపత్రాలు దిద్దినవాడను. పుట్టిన తేదీ చూచి ఎవరికీ మార్కులు వేయలేదు.

2028లో నా జీపుకు మళ్లీ పునర్నమోదు. అప్పటికి ఇద్దరమూ ఉంటే, నడుపుకొనే వెళ్తాను.

ఏకీభవించనివారు నిస్సంకోచంగా వ్రాయండి. జవాబిస్తాను.